కుండీలలో వెలసిన మహారణ్యం

కడియపులంక దాటి కాలువ గట్టు వెంట రెండు కిలోమీటర్లు వెళితే, ఎటు చూసినా నీరే కనిపించే చోట, నిప్పును జయించే విద్య నేర్పే సంస్థ ఒకటి వెలసింది. దానికి తూర్పున దాళ్వా వరిచేలు, పడమట చేపల చెరువు, ఉత్తరాన నర్సరీలు, దక్షిణాన గోదావరి కాలువ. దావానలమనేది ఏదైనా అక్కడికి రాదలచుకుంటే ఏజెన్సీ కొండల నుంచి డెబ్బై కిలోమీటర్లు నడిచి, మూడు కాలువలు ఈది, ఒళ్లు తుడుచుకుని మరీ రావాలి. సంస్థ పేరు శ్రీ బుచ్చిరాజు విశ్వవనరక్షా యువజన శిక్షణ మహాపీఠం. అంత పేరు పలికే తీరిక లేని కూలిజనం దాన్ని నిప్పు కాలేజీ అన్నారు.

ఇరవై ఒక్కేళ్ల కృపారాణి ఆ కాలేజీ గేటు ముందు తొలిసారి నిలబడినప్పుడు ఆమెకు స్వాగతం పలికింది ఒక ఫ్లెక్సీ. అందులో బుచ్చిరాజుగారు ఒక పులి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. పులి నవ్వడం లేదు. కింద ఎర్రని అక్షరాలలో "అవకాశాలందని యువతకు అరణ్యమాత ఆహ్వానం" అని రాసి ఉంది.

"అవకాశాలందని యువతంటే ఎవర్రా?" అని ఆమె తమ పేట నుంచే వచ్చిన ఏసురాజును అడిగింది. అతడు ఐటీఐ చదివి, చదివిన సంగతి మరిచిపోకుండా ఉండటానికి బైకు మెకానిక్కు షెడ్డు దగ్గర కూర్చునే కుర్రాడు.

"మనమేనే. పేటోళ్లంటే బాగోదని అలా వేయించేరు."

కృపారాణి ఆ మాటను మనసులో రెండుసార్లు అనుకుని చూసింది. నిన్నటిదాకా తనకు అలాంటి బిరుదొకటి ఉందని ఆమెకు తెలియదు.

ఆమె తల్లి రూతు ముప్పయ్యేళ్లుగా చిట్టియ్యగారి నర్సరీలో పనిచేస్తోంది. పదేళ్లప్పుడు సెలవుల్లో తల్లి వెంట వెళ్లిన కృపారాణి, ఇంటర్ అయ్యాక సెలవుల్లేకుండా వెళ్లింది. టేకు, గానుగ, మహాగని, నేరేడు, ఆమె చేతులమీదుగా ఎన్ని వేల మొక్కలు లారీలెక్కాయో చిట్టియ్యగారికి కూడా తెలియదు. జానెడు మొక్కకు ఏ పూట తల తిరుగుతుందో ఆమె దూరం నుంచే చెప్పగలదు. చెట్టు సంగతే ఆమెకు తెలియదు. ఎదిగే వయసు రాగానే ప్రతి మొక్కా పూణేకో బెంగుళూరుకో ప్రయాణమైపోయేది. పదకొండేళ్లుగా అడవులను పంపిస్తూ ఉన్న ఆ పిల్ల ఒక్క అడవినీ ఎరగదు. కుండీ లేని టేకు కింద నిలబడి పైకి చూడాలని ఆమె కోరిక. అది ఎవరితోనైనా చెబితే నవ్వుతారని, చెప్పలేదు.

ఆ కోరికకు ఒక దారి దొరికింది. ఏజెన్సీలోని అటవీ రేంజిలో వేసవికి ఫైర్ వాచర్లను తీసుకుంటున్నారు. మంటలు లేచే నెలల్లో అడవిలోనే ఉండి కాపలా కాయడం, మంట దాటకుండా నేల చెక్కి ఫైర్ లైన్లు కొట్టడం, నిప్పు కనిపిస్తే ఆర్పడం వాళ్ల పని. ఆడవాళ్లకూ ఉద్యోగాలున్నాయి. అయితే దరఖాస్తుతోపాటు నిప్పు ఆర్పిన అనుభవం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. గడువు ఫిబ్రవరి ఆఖరు. ఆ ధ్రువపత్రం ఇచ్చే చోటు ఈ చుట్టుపక్కల ఒక్కటే, అది నిప్పు కాలేజీ.

"ఫిబ్రవరి దాకా నీ ఇష్టమే," అంది రూతు. "ఆ కాగితం వచ్చిందా, ఎళ్లు. రాలేదా, ఒకటో తారీకున నాతోపాటు నర్సరీలో కొబ్బరి పొట్టు కలపడానికి రావాలి. నీ చోటు అందాకా ఎవరికీ ఇవ్వద్దని మేస్త్రీని బతిమాలేను."

బుచ్చిరాజుగారిది భీమవరం ప్రాంతం. యౌవనమంతా ఆయన రొయ్యల చెరువులు తవ్వించారు. ఆ మహాయజ్ఞంలో కొబ్బరితోటలు, తాడితోపులు, చివరికి వారి తాతగారు మురిపెంగా పెంచుకున్న సపోటా తోట కూడా ప్రొక్లెయినుకు ఆహుతయ్యాయి. ఆ యంత్రం ముందు ఏ చెట్టుకూ హెచ్చుతగ్గులు లేవు. ఆయన యాభయ్యారవ ఏట, తన నిధులతో అడవులకు సేవ చేయగల పెద్దమనిషి కోసం జిల్లాలు గాలిస్తున్న ఒక పట్నపు కంపెనీ ఆయన గుమ్మంలో ఆగింది. చెట్ల విషయంలో అంత అనుభవం ఉన్నవారు మరొకరు దొరకలేదు కాబోలు. కాలువ గట్టున రాజుగారి కల్యాణమండపం ముహూర్తాలు తగ్గి ఖాళీగా పడి ఉండటం కూడా అరణ్యమాత సంకల్పమే అయి ఉంటుంది.

తరగతులు ఆ మండపంలోనే. వధూవరులు కూర్చునే వెండిరంగు సింహాసనాల మధ్య, 'శుభవివాహం' అన్న థర్మోకోల్ అక్షరాల కింద నిలబడి, వీరాస్వామి మాస్టారు దావానలాల గుణగణాలు వివరించేవాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు కొండల్లో ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైన మనిషి; ఆ మహాపీఠం మొత్తంలో అడవి కాలడం కళ్లారా చూసిన ప్రాణి ఆయనొక్కడే. ముహూర్తం వచ్చిన రోజు తరగతులు ఉండవు. ముప్పైమంది యువతా యూనిఫాంలోనే వడ్డనకు నిలబడేవారు. పాఠ్యప్రణాళికలో దానికి 'జనసమూహ నిర్వహణ' అని పేరు పెట్టింది గీతిక. ఆమె రాజుగారి అన్నకూతురు, సంస్థకు ప్రోగ్రాం మేనేజరు, రిపోర్టులకు రచయిత్రి, ఫొటోలకు ఛాయాగ్రాహకురాలు. ఆకుపచ్చగా మెరిసే ఆ పాలియెస్టర్ యూనిఫాం ఎంపిక కూడా ఆమెదే. వీరాస్వామి మాస్టారు ఆ గుడ్డను రెండు వేళ్లతో నలిపి చూసి అన్నాడు: "ఇది తొడుక్కుని అడివిలోకి ఎళ్తే నిప్పుని మనం ఎతుక్కోనక్కర్లేదమ్మా. అదే మనల్ని ఎతుక్కుంటూ వస్తాది."

సంస్థకు ఒక బ్లోయర్ కూడా ఉంది. ఎండుటాకులను ఊదేసి మంట దారికి అడ్డంగా నేలను బోడి చేసే యంత్రం అది. దసరాకు పసుపు కుంకుమలు పెట్టించుకున్న నాటి నుంచి అది అద్దాల బీరువాలో విశ్రమిస్తోంది. తాళం రాజుగారి జేబులో ఉంటుంది. శిక్షణార్థులు వారానికోసారి వరసలో నిలబడి దాన్ని దర్శించుకునేవారు.

అయినా మాస్టారు నేర్పింది నేర్పాడు. చెట్ల తలల మీద పరిగెత్తే నిప్పు, నేలమీద పాకే నిప్పు, నేల లోపల దాక్కునే నిప్పు. "మొదటి రెండూ మనల్ని చూసి అరుస్తాయి. మూడోది మాట్లాడదు. పైన చల్లారిపోయిందని మనం అన్నానికి కూర్చుంటాం, అది కింద రెండు రోజులు నడిచి వేరే చోట లేస్తాది. అందుకని ఆర్పేక చూపుని నమ్మకూడదు. అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి బూడిదలో పెట్టి చూడాలి. వెనకవైపు తోలు పల్చన, వేడి ముందే చెప్తాది."

"అది మా అమ్మ చేస్తుందండి," అంది కృపారాణి. "కుప్ప పోసిన కొబ్బరి పొట్టు ఒక్కోసారి లోపల వేడెక్కుతాదండి. అలాంటిదాన్లో నాటితే వేరు ఉడికిపోద్ది. అందుకని చెయ్యి తిప్పి పెట్టి చూడకుండా అమ్మ మొక్క పెట్టదండి."

మాస్టారు "అయితే మీ అమ్మగారికి నా ఉద్యోగం ఇవ్వాల్సింది," అన్నాడు.

మూడు నెలలు గడిచాయి. ఇంతకాలంలో ఆ నిప్పు కాలేజీలో నిప్పు వెలిగింది వంటశాలలో మాత్రమే. అభ్యాసానికి ఒక మంట పెడదామని మాస్టారు అడిగినప్పుడల్లా ఏదో ఒక అడ్డు వచ్చేది. ఒకసారి చిట్టియ్యగారు తన గ్రీన్ నెట్లకు అంటుకుంటుందని కబురు పెట్టారు. ఒకసారి రిసెప్షన్. మూడోసారి రాజుగారే తేల్చి చెప్పారు: "ముగింపు రోజున అందరి ఎదురుగా పెద్ద మంటే పెడదాం మాస్టారూ. ముందే ఆర్పేసుకుంటే ఆ రోజు కొత్తగా ఏం ఉంటుంది?"

ముగింపు రోజుకు పరీక్షాధికారిగా విజయ్ పాల్‌గారిని ఆ పట్నపు కంపెనీయే నియమించింది. ఆయన రిటైరైన అటవీ అధికారి. మాట తక్కువ, చూపు ఎక్కువ. తన కళ్ల ముందు నిప్పును ఆర్పినవారి ధ్రువపత్రం మీదనే సంతకం పెడతానని ముందే ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదివిన నాటి నుంచి కృపారాణికి ప్రపంచంలో మిగిలిన కోరిక ఒక్కటే. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి అంటుకోవాలి. ఆదివారం లూథరన్ గుడిలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు, మంట బాగా మండాలని చెప్పడానికి మొహమాటపడి, 'పరీక్ష నిమిత్తం' అని చీటీ ఇచ్చింది. సంఘమంతా తలవంచి ఆమె కోసం ప్రార్థించింది.

ఇక అడవి కావాలి. రాజుగారు పక్కనున్న చిట్టియ్యగారి నర్సరీ నుంచి ఒక అడవిని అరువు తెప్పించారు. మండపం వెనక ఆవరణలో నాలుగు వందల కుండీలు బారులు తీరాయి. మోకాలెత్తు టేకువనం, నడుమెత్తు మహాగనివనం, వాటి నడుమ పెళ్లి అలంకరణల గదిలోంచి తెచ్చిన ఫైబర్ జింకలు రెండు, జింకలు చాలవని హంసలు రెండు. వెనుక, ఎండిన కొబ్బరి పొట్టును పదిహేను అడుగుల ఎత్తున పోసి, పచ్చ తివాచీ కప్పి, పాపికొండలన్నారు. కొండపాదాన రెండు ట్రాక్టర్ల ఎండుటాకులు, ఎండుకంపలు పరిచారు. మంట లేవవలసింది అక్కడ. చిట్టియ్యగారు పెట్టిన షరతు ఒక్కటే: మూడు గంటలకల్లా అడవి, కొండ రెండూ తన లారీ ఎక్కాలి. కుండీలు పూణే వెళ్లాలి. అవి కదలకుండా మధ్యలో సర్దడానికి బస్తాల్లో నింపే పొట్టు ఆ కొండే.

ముగింపు రోజు ఉదయం ఆరు గంటలకే కృపారాణి ఆవరణలోకి వచ్చింది. ఇంట్లో నిలవలేకపోయింది. టేకు మొక్కలు రెండు రోజుల ఎండకు ఆకులు వాల్చేశాయి. పదకొండేళ్లుగా ఉదయం ఆరు గంటలకు ఆమె చేతిలో నీళ్ల పైపు ఉంటుంది. ఈ రోజూ ఉంది. అది చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు. మనసు ధ్రువపత్రం మీద ఉంది, చెయ్యి తన దారిన తాను టేకు నుంచి మహాగనికి, మహాగని నుంచి కొండపాదానికి నడిచింది. ఎండుటాకుల మీద వేలు అడ్డం పెట్టి, చినుకు పలచగా పడేట్టు, ఒక్క ఆకు కూడా నొచ్చుకోకుండా తడిపింది. నేల అప్పటికే కొంత చెమ్మగా ఉన్నట్టు తోచింది. పట్టించుకోలేదు.

పదకొండు గంటలకు సభ మొదలైంది. రాజుగారు నలభై నిమిషాలు మాట్లాడారు. తాము మొక్కగా ఉన్నప్పటి నుంచీ చెట్టంటే ప్రాణమని, అవకాశాలందని ఈ బిడ్డలను అరణ్యమాత ఒడిలో పెడుతున్నామని, నేటి నుంచి మన్యంలో ఏ నిప్పురవ్వ అయినా లేవాలంటే ముందు ఈ మహాపీఠం వైపు చూసి భయపడాలని చెప్పారు. తర్వాత గీతిక అందించిన కాగడా పట్టుకుని కొండపాదానికి నడిచారు. ముప్పైమంది యువతా పచ్చికొమ్మలు చేతబట్టి రెండు వరసల్లో నిలబడ్డారు. కృపారాణి మొదటి వరసలో ఉంది.

కాగడా ఎండుటాకులను తాకింది. సుయ్యిమని ఒక శబ్దం వచ్చింది. తెల్లని పొగ జానెడు లేచి, సిగ్గుపడి, పడుకుంది.

రాజుగారు మరోచోట పెట్టారు. అక్కడా సుయ్యిమంది. నాలుగు చోట్ల మారాక కాగడాయే ఆరిపోయింది. మహాపీఠం చరిత్రలో తొలిసారిగా ఒక నిప్పు ఆర్పబడిందని కొందరు చప్పట్లు కొట్టారు.

"ఎవరు తడిపేరు?" అన్నారు రాజుగారు, మైకు చేతిలో ఉందని మరిచి.

కృపారాణికి అప్పుడు చెయ్యి గుర్తొచ్చింది. "నేనేనండి," అంది.

"నేను కూడా పోసేనండి, ఐదున్నరకి," అన్నాడు ఏసురాజు పక్క నుంచి.

"నేనూనండి." "మేవిద్దరం ఏడింటికి పోసేమండి." "నేను పోద్దామనే వచ్చేనండి, అప్పటికే తడిగా ఉంటే కొంచెమే పోసేను." వెనక వరస నుంచి ఒక్కొక్క గొంతే లేచింది. లెక్కకు పదిహేడుమంది తేలారు. అందరూ నర్సరీల పిల్లలే. ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

కుర్చీలోంచి విజయ్ పాల్ మొదటిసారి నోరు విప్పాడు. "ఎందుకమ్మా?"

"ఎండిపోయి ఉన్నాయండి," అంది కృపారాణి.

"ఎండిపోవాలనే కదా పెట్టేరు."

"ఆ సంగతి చేతికి తెలీలేదండి."

వీరాస్వామి మాస్టారు తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

రాజుగారు ఓటమికి అలవాటు పడిన మనిషి కాదు. జనరేటరు గదిలోంచి రెండు క్యాన్ల డీజిలు వచ్చింది. మాస్టారు వద్దంటున్నా వినకుండా కొండపాదమంతా పోయించారు. ఈసారి మంట గుప్పుమని తాటిచెట్టంత లేచింది. నల్లని పొగ ఆకాశాన్ని మింగింది. యువత పచ్చికొమ్మలతో బాదింది, గీతిక కెమెరా మూడు దిక్కుల నుంచి చూసింది, ఒక హంస మెడ కరిగి ధ్యానంలోకి వంగిపోయింది. మూడు నిమిషాల్లో డీజిలు అయిపోయింది, మంటా అయిపోయింది. కింద తడి ఆకులు తడి ఆకుల్లాగే మిగిలాయి.

విజయ్ పాల్ తీసిన పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "డీజిలు కాలింది. అయిపోయింది, ఆరింది. వీళ్లు ఆర్పినట్టు నాకు కనపడలేదు రాజుగారూ."

"భోంచేసి మాట్లాడుకుందావండి," అన్నారు రాజుగారు ఆయన భుజం పట్టుకుని. వెళుతూ వెళుతూ కృపారాణి దగ్గర ఆగి గొంతు తగ్గించారు. "కోడిపలావు అయ్యేసరికి ఆయన మెత్తబడతారు. పెరుగన్నంలో సంతకం పెట్టిస్తాను. అందాకా మీరెవరూ నోరు మెదపద్దు. ముఖ్యంగా నువ్వు."

అందరూ భోజనాలకు వెళ్లారు. కృపారాణికి ఆకలి వేయలేదు. కొండ దగ్గర చతికిలబడి, మాయదారి చెయ్యివైపు చూస్తూ కూర్చుంది. అంతలో చిట్టియ్యగారి కూలీలు వచ్చారు, వాళ్లలో రూతు ఉంది. లారీ వెనక్కి వచ్చి నిలిచింది. డ్రైవరు బుల్లియ్య తొందరపెడుతుంటే కుండీలు ఎక్కుతున్నాయి. ఇద్దరు కొండను చెక్కి బస్తాల్లో నింపుతున్నారు. పది బస్తాలు లారీలోకి చేరాయి.

వాసన మొదట కృపారాణికే తగిలింది. డీజిలు వాసన కాదు. ఎండుకొబ్బరి పీచు మాడిన కమ్మటి వాసన, చాలా పలచగా, ఎటు నుంచో తెలియకుండా వస్తోంది. ఆమె లేచి, కొండపక్కన పొట్టులోకి చెయ్యి తిప్పి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. మోచేతిదాకా దింపింది. వెంటనే లాగేసుకుంది. చేతి వెనక నాలుగు వేళ్ల మేర తోలు ఎర్రగా కమిలిపోయింది.

రూతు వచ్చి తనూ పెట్టి చూసింది. "ఇది పొట్టు మాగే వేడి కాదే," అంది మెల్లగా. "లోపల నిప్పుంది."

కొండపాదాన పోసిన డీజిలు నిప్పుతోపాటు పొట్టు లోపలికి ఇంకింది. పదిహేడుమంది పోసిన నీళ్లు పైనే జారిపోయాయి; బాగా ఎండిన పొట్టు ఒక పట్టాన నీరు తాగదు. మాట్లాడని మూడో నిప్పు కొండ లోపల కూర్చుని నెమ్మదిగా భోంచేస్తోంది. అందులో కొంత ఇప్పటికే బస్తాలెక్కి పూణేకు బయలుదేరబోతోంది.

"బుల్లియ్య ఏలూరు దాటకముందే లేస్తాది," అంది రూతు. తర్వాత కూతురి కళ్లలోకి చూసింది. "చెప్పేవంటే నీ కాగితం పోద్ది కదే."

కృపారాణి కమిలిన చెయ్యి పట్టుకుని భోజనాల హాలుకేసి నడిచింది. రాజుగారు విజయ్ పాల్ విస్తరి పక్కన నిలబడి స్వయంగా వడ్డిస్తున్నారు. ఆమెను చూడగానే గుమ్మం దగ్గరికే వచ్చేశారు.

"పొట్టులో నిప్పుందండి. బస్తాలు లారీ ఎక్కేస్తున్నాయండి."

"పొట్టు వేడెక్కడం మామూలేగా అమ్మాయ్. మీవాళ్లకి తెలీందా ఏంటి?"

"మావాళ్లకి తెలుసు కాబట్టే చెప్తున్నానండి."

"ఇదిగో చూడు. ఆయన పప్పు అయింది, పలావు అయింది. పెరుగు దాకా వచ్చేరు. ఇప్పుడు నువ్వు నిప్పు ఆరలేదంటే నీ ఒక్కదానిదే కాదు, ముప్పైమంది కాగితాలూ పోతాయి. పది నిమిషాలు ఆగలేవా?"

బయట లారీ ఇంజను స్టార్టయింది.

ఆగగలనో లేదో ఆలోచించుకునే వ్యవధి ఆమెకు దొరకలేదు. తర్వాత ఎప్పుడు తలచుకున్నా ఆమెకు గుర్తొచ్చేది, లారీ వెనక చక్రం మీద కాలు పెట్టి పైకెక్కడం, మొదటి బస్తాను కిందికి దొర్లించడం. "దిగవే, కుండీలు పగుల్తాయి," అని బుల్లియ్య అరిచాడు. రెండో బస్తా నేలకు కొట్టుకుని పగిలింది. గాలి తగలగానే నల్లని పొట్టులోంచి ఎర్రని కన్ను ఒకటి తెరుచుకుంది. బుల్లియ్య ఇంజను ఆపేసి, దిగి, చాలా మర్యాదగా దూరంగా నిలబడ్డాడు.

ఏసురాజు ఎంగిలిచేత్తో పరిగెత్తుకొచ్చాడు. వెంట నలుగురు. వాళ్ల వెనక వీరాస్వామి మాస్టారు, పంచె ఎగ్గట్టి, ముప్పై నాలుగేళ్ల వయసు తగ్గి. "కొండ చుట్టూ మట్టి తేలేదాకా తవ్వండి. ఆకులు ఇవతలికి లాగెయ్యండి. నిప్పు దాటకుండా ముందు గీత. ఊఁ." ఎవరో తెలివైనవాడు బీరువాలోని బ్లోయర్ తెద్దామన్నాడు. "దాని జోలికెళ్లకు నాయనా," అన్నాడు మాస్టారు. "ఇప్పుడు దీన్ని ఊదితే మనం చిట్టియ్యగారి నర్సరీతో ఆగం."

గీత కొట్టడం అయ్యాక పని కృపారాణి చేతికి వచ్చింది. నీళ్లు గుమ్మరిస్తే పైనుంచి జారిపోతాయని నర్సరీ పిల్లలకు చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ దించి, పొట్టును పలచగా పరిచి, తిరగేస్తూ, కలుపుతూ, కలిపినచోట మళ్లీ తడుపుతూ, వేలు అడ్డం పెట్టి చినుకు చేసి, మొక్క మొదట్లో పోసినట్టే పోశారు. పైపు కృపారాణిది, పార ఏసురాజుది. రూతు, మిగతా ఆడకూలీలు ఎవరూ పిలవకుండానే కలిశారు. పాపికొండలు గంటన్నరలో మోకాలెత్తు బురదయ్యాయి. పాలియెస్టర్ యూనిఫాంలు నిప్పురవ్వలకు జల్లెడలయ్యాయి. గీతిక ఒకటి రెండు ఫొటోలు తీసి, బురద బాగా పడటం లేదని మానేసింది. మిగిలిన ఇరవై నలుగురికీ రాజుగారు హాలు తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఐస్‌క్రీం ఇప్పించారు.

విజయ్ పాల్ మాత్రం పెరుగు వదిలి వచ్చి, ఆ గంటన్నరా కదలకుండా నిలబడి చూశాడు. చివరికి చొక్కా చేతులు మడిచి, బురదలో వంగి, చెయ్యి తిప్పి ఒక్కొక్కచోటే పెట్టి చూడసాగాడు. ఒకచోట ఆగాడు. "ఇక్కడ వెచ్చగా ఉంది."

"అది ఎండ వేడండి," అంది కృపారాణి. "కిందికి పెట్టి చూడండి."

ఆయన కిందికి పెట్టి చూశాడు. తలూపాడు. బురద చేత్తోనే జేబులోంచి పెన్ను తీశాడు.

లారీ బానెట్ మీద ఆరు ధ్రువపత్రాలకు సంతకాలు పడ్డాయి. ప్రతిదాని మీదా బంగారు అక్షరాలలో "మన్యపు భీకర దావానలమును అసమాన పరాక్రమముతో అణచినందుకు" అని ముందే అచ్చయి ఉంది. ఆయన ఆ వరుసను అడ్డంగా కొట్టేసి, పైన తన దస్తూరీతో "కొబ్బరి పొట్టు కుప్పలో దాగిన నిప్పును కనిపెట్టి పూర్తిగా ఆర్పినందుకు" అని రాశాడు.

రాజుగారి మొహం వాడింది. "పొట్టు అని రాస్తే సంస్థకి బాగోదండి. కనీసం కొండ అని అయినా..."

"కొండేదీ రాజుగారూ? నేను చూసేసరికి బస్తాల్లో ఉంది."

మిగిలిన ఇరవై నలుగురికీ హాజరు పత్రాలు ఇచ్చారు. వాటికి ఫ్రేములు కట్టించారు. చిట్టియ్యగారు తన కొండ బురద కావడానికి నష్టపరిహారంగా వచ్చే మాఘంలో మనవరాలి పెళ్లికి మండపం ఉచితంగా రాయించుకున్నారు. కరిగిన హంస ఒక్కటే ఎవరికీ చెందక చాలాకాలం గేటు పక్కన తల వంచుకుని నిలబడింది.

గడువుకు ఇంకా రెండు రోజులుండగా కృపారాణి దరఖాస్తు రేంజి ఆఫీసుకు చేరింది. అక్కడి అధికారి ఆ ధ్రువపత్రం చదివి, 'పొట్టు' దగ్గర ఆగి, పక్కవాడికి చూపించి నవ్వాడట. తర్వాత "కుప్ప లోపల నిప్పుందని నీకెలా తెలిసింది?" అని అడిగాడు. ఆమె చెయ్యి తిప్పి, మానుతున్న మచ్చ చూపించింది. ఆయన నవ్వడం మానేశాడు. సోమవారం వచ్చెయ్యమన్నాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సిగ్నలు దొరికే బండ ఎక్కి ఆమె తల్లికి ఫోను చేసింది. అప్పటికి మూడు నిప్పులు ఆర్పింది. మూడూ మాట్లాడే రకమే.

"ఒసే, నీ ఫొటో వేసేరంట," అంది రూతు. "నిప్పు కాలేజీ పుస్తకం వచ్చింది. ఏసురాజు తెచ్చి చదివి పెట్టేడు."

"ఏ ఫొటో?"

"రెండున్నాయి. ఆ డీజిలు మంట దగ్గర రాజుగారు కొమ్మ పట్టుకుని నిలబడ్డది ఒకటి. 'దావానలంతో ముఖాముఖి' అని రాసేరంట. వెనక పేజీలో నువ్వు బురదలో పైపు పట్టుకున్నది. 'మొక్కలకు ప్రేమతో నీరు పోస్తున్న అవకాశాలందని యువతి' అనంట."

కృపారాణి బండ మీద కూర్చుని, కడుపు పట్టుకుని, దూరాన ఉన్న వాచర్లు తిరిగి చూసేదాకా నవ్వింది.

"నవ్వుతావేంటే. అక్కడ చెట్లెలా ఉన్నాయి?"

ఆమె తల వెనక్కి వాల్చి చూసింది. టేకు ఆకు రాలి, కొమ్మలు ఎక్కడో పైన, మెడ నొప్పి పుట్టేంత పైన ఉన్నాయి. కింద ఎండుటాకులు మోకాలి లోతున గలగలమంటున్నాయి.

"పెద్దవమ్మా. చాలా పెద్దవి. అన్నీ ఎండిపోయి ఉన్నాయి, ఎవరూ నీళ్లు పొయ్యరు."

అవతల చిట్టియ్యగారి నర్సరీలో ఎవరో పైపు తిప్పిన చప్పుడు వినిపించింది.

"సరేలే," అంది రూతు. "నువ్వు గానీ పొయ్యబోకు. మళ్లీ ఉద్యోగం పోద్ది."